‘ముందు అందరికీ, తర్వాత వికలాంగులకు’ అనే వాదం

మహమ్మారి కాలంలో ప్రజాసేవలు వికలాంగులకు సరిగా అందలేదన్న విమర్శకు ఒక జవాబు తయారుగా ఉంటుంది. ఆపద ముంచుకొచ్చినప్పుడు ప్రభుత్వానికి వ్యవధి ఉండదు, సిబ్బంది చాలరు, నిధులు చాలవు. అలాంటప్పుడు అందరికీ ఒకే నియమం పెట్టి వీలైనంత ఎక్కువమందిని కాపాడటమే ధర్మం. ప్రత్యేక ఏర్పాట్ల సంగతి పరిస్థితి కుదుటపడ్డాక చూడవచ్చు. ఈ ప్రధాన వాదానికి మరికొన్ని తోడవుతాయి: వికలాంగులు కొద్దిమందే, వారిని ఇంట్లోవాళ్లు చూసుకుంటారు, సేవలన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చాక వారికి ఇంకా సులువైంది, మార్గదర్శకాలు ఎలాగూ ఇచ్చారు. వినడానికి సబబుగా ఉన్నందువల్లే ఈ వాదనను నిలదీసినవారు తక్కువ. కోవిడ్ కాలంలో భారతదేశంలో జరిగినదాన్ని వరసగా చూస్తే మాత్రం ఇందులో ఒక్క మాటా నిలవదు. వీలుకాదన్న పనులు చాలావరకు వీలైనవే. వికలాంగులు అడిగినప్పుడు వీలుకానివి, అందరికీ అవసరమైనప్పుడు నెలల్లోనే వీలయ్యాయి.

వ్యవధి లేదన్న మాట

వైరస్ హఠాత్తుగా వచ్చిందన్నది నిజం. వికలాంగుల పట్ల ప్రభుత్వ బాధ్యత హఠాత్తుగా వచ్చినది కాదు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. అందులోని 11వ అధికరణం విపత్తుల్లో వికలాంగుల రక్షణ గురించినదే. ఆ ఒడంబడికకు అనుగుణంగా చేసిన వికలాంగుల హక్కుల చట్టం-2016, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. జాతీయ, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థలు తమ కార్యక్రమాల్లో వికలాంగులను కలుపుకోవాలని ఆ చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరాలతో రికార్డు ఉంచాలని, ప్రమాదం ఎదురైనప్పుడు వారికి తెలియజేయాలని కూడా అదే సెక్షన్ నిర్దేశిస్తుంది. 2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ స్వయంగా ఈ విషయం మీదే ప్రత్యేక మార్గదర్శకాలు ప్రచురించింది.

మరుసటి ఏడాది మార్చి 24న అదే సంస్థ 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఆదేశంతో దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఒక చట్టం ఇచ్చిన అధికారాన్ని ఆ రాత్రికి రాత్రే వాడగలిగిన యంత్రాంగం, మరో చట్టం మూడేళ్ల కిందటే మోపిన విధి విషయంలో వ్యవధి లేదనడం చెల్లదు.

లాక్‌డౌన్ ప్రకటన రాత్రి 8 గంటలకు వెలువడింది, అర్ధరాత్రి నుంచి అమలైంది. కేంద్రంలోని వికలాంగుల సాధికారత విభాగం మార్గదర్శకాలు మార్చి 26న వచ్చాయి. అందులో రాసినవి మంచి మాటలే. సమాచారం స్థానిక భాషల్లో, బ్రెయిలీలో, ఆడియో రూపంలో, సంజ్ఞా భాషలో ఇవ్వాలి. సహాయకులకు తేలికగా పాసులు దొరకాలి. సరుకుల దుకాణాలు వికలాంగులకు, వృద్ధులకు కొంత సమయం ప్రత్యేకించాలి. అయితే లాక్‌డౌన్ ఆదేశాన్ని మీరినవారికి విపత్తు నిర్వహణ చట్టం 51 నుంచి 60 వరకు గల సెక్షన్లు, అప్పటి ఐపీసీ 188 కింద శిక్ష ఉండేది. ఈ మార్గదర్శకాలను పట్టించుకోని అధికారికి ఏ శిక్షా లేదు. మొదటిదాన్ని పోలీసులు అమలు చేశారు. రెండోదాని బాధ్యత నోడల్ అధికారులుగా రాష్ట్ర వికలాంగుల కమిషనర్ల మీద పడింది. చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్‌కు ఆజ్ఞాపించే అధికారం ఆ కమిషనర్లకు లేదు. కాబట్టి ‘మార్గదర్శకాలు ఇచ్చాం కదా’ అన్న సమాధానానికి బలం తక్కువ. ఒకే ప్రభుత్వం ఒకే వారంలో ఇచ్చిన రెండు పత్రాల్లో ఒకటి ఆజ్ఞగా, ఇంకొకటి సలహాగా బయటికి వచ్చింది. సలహాగా మిగిలింది ఎవరిదో చూస్తే ప్రాధాన్యం ఎటు ఉందో తెలుస్తుంది.

అందరికీ ఒకే నియమం

ఒకే నియమం ఉంటే పక్షపాతం ఉండదన్న నమ్మకం ఈ వాదానికి నైతిక బలాన్నిస్తుంది. నియమం ఒకటైనంత మాత్రాన దాని భారం ఒకటి కాదు. ఆరడుగుల దూరం పాటించమనడం నడవగలిగి, చూడగలిగిన మనిషికి చిన్న ఇబ్బంది. ఇంకొకరి మోచేయి పట్టుకుని రోడ్డు దాటే అంధుడికి అది ఇంట్లోంచి కదలవద్దన్న ఆజ్ఞ. ముఖాన మాస్కు పెట్టుకున్న మందుల షాపు ఉద్యోగి మాట, పెదవుల కదలికను బట్టి అర్థం చేసుకునే బధిరుడికి అందదు. ఏ వస్తువునూ తాకవద్దన్న సూచన, చేత్తో తడిమి దారి తెలుసుకునేవారికీ, చక్రాలను చేతులతో తిప్పుకుంటూ కదిలేవారికీ పనికిరాదు. బస్సులు, ఆటోలు ఆగిపోయినప్పుడు ఇతరులు కిలోమీటరు నడిచి రేషన్ తెచ్చుకున్నారు. వీల్‌చెయిర్ వాడేవారికి ఆ కిలోమీటరే అసాధ్యమైంది.

వైద్యంలో ఈ తేడా ప్రాణం మీదికి వస్తుంది. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ వ్యాధి కూడా ఉన్నాయి. తీవ్ర తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మన రక్తనిధులకు రక్తం ఎక్కువగా కాలేజీలు, కార్యాలయాల్లో జరిగే శిబిరాల నుంచే వస్తుంది. అవి మూతపడితే శిబిరాలు ఉండవు. దాత దొరికినా అతడు బయటికి రావడానికి పాసు కావాలి, బిడ్డను ఆస్పత్రికి చేర్చడానికి బండి కావాలి. లాక్‌డౌన్ అత్యవసర సేవల జాబితాలో ఆస్పత్రి ఉంది. ఆస్పత్రికి రోగినీ రక్తాన్నీ చేర్చే వరస మధ్యలో తెగింది. సేవకు మినహాయింపు ఇచ్చి, సేవ దాకా వెళ్లే దారికి ఇవ్వకపోవడం ‘ఒకే నియమం’లోని అసలు లోపం.

వీటికి తగిన మార్పులు చేయడాన్ని చట్టం దయాదాక్షిణ్యాలకు వదలలేదు. సహేతుకమైన సర్దుబాటును హక్కుగా గుర్తించింది. మితిమీరిన భారం పడే చోట మాత్రమే దానికి మినహాయింపు ఉంది. అంత భారం పడుతుందని చెప్పేవారే దాన్ని లెక్క వేసి చూపాలి. సహాయకుడికి పాసు ఇవ్వడంవల్లో, దుకాణంలో గంట సమయం కేటాయించడంవల్లో పడే భారం మితిమీరినదని ఎవరూ లెక్క చూపలేదు, చూపడం సాధ్యం కూడా కాదు.

ఇంటికి వెళ్లి టీకా

‘వీలుకాదు’ అన్న మాటను పరీక్షించడానికి టీకా కార్యక్రమం కన్నా మంచి ఉదాహరణ లేదు. టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవారికి, 45 నుంచి 59 ఏళ్ల మధ్య ఉండి నిర్ణీత జబ్బులు ఉన్నవారికి వేశారు. 20 అంశాల ఆ జబ్బుల జాబితాలో చివరిది వైకల్యానికి సంబంధించినది. మేధోవైకల్యం, కండరాల క్షీణత, బధిరాంధత్వంతో సహా బహుళ వైకల్యాలు, అధిక సహాయం అవసరమైన వైకల్యాలు అందులో ఉన్నాయి. 45 ఏళ్ల కనీస వయసు నిబంధన మాత్రం అలాగే ఉంది. డుషెన్ రకం కండరాల క్షీణత ఉన్నవారిలో ఆ వయసు దాకా బతికేవారే అరుదు. పేరు జాబితాలో ఎక్కింది, మనుషులు బయటే మిగిలారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి కోవిడ్‌తో మరణించే ప్రమాదం దాదాపు పది రెట్లు ఎక్కువని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల అధ్యయనం 2020లోనే తేల్చింది. ఆ వర్గంలోని యువకులు కూడా భారతదేశంలో 2021 మే 1 వరకు అర్హులు కాలేదు.

మంచం దిగలేనివారికి ఇంటి వద్దే టీకా వేయాలన్న వినతి బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. కేంద్రం అభ్యంతరాలు చెప్పింది. తెరిచిన సీసాలోని డోసులు వృథా అవుతాయి, ఇల్లిల్లూ తిరిగితే పెట్టెలోని మందు కలుషితం కావచ్చు, టీకా తర్వాత అరగంట గమనించాలి, ప్రతికూల లక్షణాలు కనిపిస్తే చికిత్స అందాలి. ఇవి కల్పితాలు కావు. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుండేవి, తెరిచిన నాలుగు గంటల్లో వాడేయాల్సి వచ్చేది. కానీ ఇది ప్రణాళికతో తీరే సమస్య. ఒక మండలంలో ఇంటి టీకా అవసరమైన పదిమంది ఎవరో, ఎక్కడున్నారో ముందే తెలిస్తే ఒక సీసా నాలుగు గంటల్లో పూర్తవుతుంది. ఆ పదిమంది జాబితా కోసమే 8వ సెక్షన్ జిల్లా రికార్డును కోరింది. రికార్డు సిద్ధంగా ఉంచని లోపాన్ని సీసా పరిమాణం మీదికి నెట్టడం ఈ అభ్యంతరంలో జరిగిన పని. పాలియేటివ్ (ఉపశమన) సేవల వ్యవస్థ ముందునుంచే ఉన్న కేరళ, 2021 మధ్యకల్లా మంచాన ఉన్నవారికి ఇళ్ల వద్ద టీకా వేయడం మొదలుపెట్టింది. బొంబాయి హైకోర్టు సైతం కేరళ అనుభవాన్ని ప్రస్తావించింది.

మే 27న కేంద్రం ‘ఇంటికి దగ్గరలో టీకా కేంద్రాలు’ అన్న సగం అడుగు వేసింది. పంచాయతీ భవనాల్లో, కమ్యూనిటీ హాళ్లలో టీకా వేయవచ్చు. గడప దాటలేనివారికి దానివల్ల ఒరిగింది తక్కువ. సెప్టెంబరు 8న సుప్రీంకోర్టు ఇంటింటి టీకాపై సాధారణ ఆదేశాలివ్వడం ఆచరణసాధ్యం కాదంది. పదిహేను రోజులకే, సెప్టెంబరు 23న, కదలలేనివారికి, వికలాంగులకు ఇంటి వద్ద టీకా వేస్తామని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. నవంబరులో ‘హర్ ఘర్ దస్తక్’ పేరుతో ఆరోగ్య కార్యకర్తలు దేశమంతా ఇల్లిల్లూ తిరిగారు. సీసాలో డోసులు పదే ఉన్నాయి. నాలుగు గంటల గడువూ మారలేదు. మారింది ఒకటే: టీకాల వేగం తగ్గి, మిగిలిపోయిన సాధారణ జనాన్ని చేరుకోవడం ప్రభుత్వానికి అవసరమైంది.

ఆన్‌లైన్ అంటే అందుబాటు అన్న భ్రమ

ఇంట్లో కూర్చుని ఫోన్లో పని పూర్తిచేసుకునే ఏర్పాటు వికలాంగులకు వరమన్న మాట తరచు వినిపిస్తుంది. తెరమీద అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు అనువుగా తయారైతే అది నిజంగా వరమే. 2016 చట్టం 42వ సెక్షన్ సమాచార సాంకేతిక సేవలన్నీ అందరూ వాడగలిగేలా ఉండాలని ముందే చెప్పింది. అయినా 18 నుంచి 44 ఏళ్ల వారికి మొదట్లో ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి చేసిన కోవిన్ పోర్టల్ ఎలా ఉందో సుప్రీంకోర్టు 2021 మే 31 నాటి ఉత్తర్వు వివరంగా నమోదు చేసింది. క్యాప్చాకు వినికిడి రూపం లేదు. వయసు, టీకా పేరు, ఉచితమా కాదా వంటి ఏడు ఫిల్టర్లు అంధులు వాడేలా లేవు. కీబోర్డుతో పేజీలో తిరగడానికి సదుపాయం లేదు. స్లాట్లు క్షణాల్లో అయిపోయే రోజుల్లో, ఒక్కో మెట్టు దగ్గర ఆగాల్సిన మనిషి పోటీలోకే రాలేడు. కోవిన్‌కూ, ఆరోగ్య సేతు వంటి యాప్‌లకూ వికలాంగుల దృష్టితో ఆడిట్ జరిపించాలని కోర్టు సూచించింది.

స్నేహితులు, బంధువులు, సేవా సంస్థలు, కామన్ సర్వీస్ సెంటర్లు సాయం చేస్తాయని ప్రభుత్వం చెప్పింది. సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలంటే ప్రయాణం తప్పదు. ప్రయాణం తప్పించడానికే కదా పోర్టల్ పెట్టింది. ఇంకొకరి సాయం ఉంటే తప్ప వాడలేని సేవను సార్వజనిక సేవ అనడానికి లేదు. పైగా ఈ లోపాలను సరిదిద్దడానికి టీకాలు కొత్తగా కనిపెట్టినంత కృషి అక్కర్లేదు. పోర్టల్‌ను విడుదల చేయకముందు కొద్దిమంది అంధుల చేత వాడించి చూస్తే అన్నీ బయటపడేవి.

కొద్దిమందే అన్న లెక్క

2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్లు, అంటే జనాభాలో 2.21 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య 22.66 లక్షలు. ‘రెండు శాతం కోసం వ్యవస్థను మార్చగలమా’ అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. రెండున్నర కోట్లమందిని కొద్దిమంది అనడంలోని అసంబద్ధతను పక్కనపెట్టినా, ఆ లెక్క నమ్మదగినది కాదు. జనగణన ఎనిమిది రకాలనే అడిగింది, చట్టం 21 రకాలను గుర్తించింది. ప్రపంచ జనాభాలో సుమారు 15 శాతానికి ఏదో ఒక వైకల్యం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నివేదిక అంచనా.

లెక్కలో ఉన్నవారికైనా రుజువు చేతిలో లేదు. 2018లో జరిగిన జాతీయ నమూనా సర్వే 76వ విడత ప్రకారం వికలాంగుల్లో వైకల్య ధ్రువీకరణ పత్రం ఉన్నవారు 28.8 శాతమే. సాయమంతా ఆ పత్రంతో ముడిపడితే పదిమందిలో ఏడుగురు మొదటి మెట్టు మీదే ఆగిపోతారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ పత్రం సదరం శిబిరాల్లో దొరుకుతుంది. వైద్యులంతా కోవిడ్ విధుల్లో ఉండి శిబిరాలు జరగకపోతే కొత్త పత్రం రాదు, పత్రం లేకపోతే కొత్త పింఛనూ రాదు. కేంద్రం 2020లో సామాజిక పింఛనుదారులకు రెండు విడతలుగా ఇచ్చిన వెయ్యి రూపాయలు కూడా జాతీయ వికలాంగుల పింఛను జాబితాలోనివారికే అందాయి. ఆ జాబితాలో చేరాలంటే 80 శాతం, ఆపైన వైకల్యం, దారిద్ర్యరేఖకు దిగువన ఉండటం తప్పనిసరి. అర్హులైన వికలాంగులందరినీ ఆహార భద్రత చట్టం పరిధిలోకి తేవాలని కేంద్రం 2020 ఆగస్టులో రాష్ట్రాలకు రాయాల్సి వచ్చింది. లాక్‌డౌన్ మొదలైన ఐదు నెలలకు ఆ లేఖ అవసరమైందంటే, అప్పటిదాకా ఎందరు బయట ఉండిపోయారో ఊహించవచ్చు.

లెక్కించని తీరు టీకాల్లోనూ కొనసాగింది. 2022 జనవరిలో కేంద్రం సుప్రీంకోర్టుకిచ్చిన అఫిడవిట్ ప్రకారం, అప్పటికి దేశంలో 150 కోట్లకు పైగా డోసులు వేశారు. వైకల్య గుర్తింపు కార్డు చూపి వేయించుకున్నవిగా నమోదైనవి 23 వేల పైచిలుకు మాత్రమే. టీకా వేయించుకున్న వికలాంగులు అంతమందేనని దీని అర్థం కాదు. ఎంతమందో తెలుసుకునే ఏర్పాటు లేదని అర్థం. ముందు లెక్కించకపోవడం, తర్వాత లెక్కలో తక్కువగా ఉన్నారనడం ఒకే లోపానికి రెండు ముఖాలు.

ఇంట్లోవాళ్లు చూసుకుంటారన్న భరోసా

అదే నమూనా సర్వేలో 62.1 శాతం వికలాంగులకు సంరక్షకులు ఉన్నారని తేలింది. దీన్ని కుటుంబం ఉంది కదా అన్న ధీమాకు రుజువుగా చూపడం పొరపాటు. పదిమందిలో ఆరుగురి దినచర్య మరొకరి రాకపోకల మీద ఆధారపడిందని అది చెబుతోంది. ఆ మరొకరు వేరే వీధిలో ఉండే అక్క కావచ్చు, జీతానికి వచ్చే ఆయా కావచ్చు. రాకపోకలు ఆపేసిన రోజున ఆగిపోయేది ముందుగా ఆ సాయమే. ఇంట్లోనే ఉన్న సంరక్షకురాలికి కోవిడ్ సోకితే ఇద్దరి పరిస్థితీ ఒకేసారి తలకిందులవుతుంది. కోవిడ్ వార్డుల్లోకి తోడు మనిషిని రానివ్వని చోట, మాట రాని లేదా మాట అర్థంకాని రోగి తన నొప్పి చెప్పుకోలేడు. కుటుంబం మీద భారం వేసే వాదన, ఆ కుటుంబానికి కావలసిన పాసు, ముందస్తు టీకా, వార్డు ప్రవేశం గురించి మాట్లాడదు.

వనరుల కొరత

అన్నిటికన్నా గంభీరమైన వాదన కొరతది. పడకలు, ఆక్సిజన్ లేనప్పుడు ఎవరో ఒకరు వెనకబడక తప్పదంటారు. ఆ వెనకబడేవారిని ఎంచే కొలమానమే ప్రశ్నార్హం. బ్రిటన్‌లో 2020 మార్చి 20న జాతీయ వైద్య ప్రమాణాల సంస్థ నైస్, రోజువారీ పనులకు ఎంత సాయం కావాలో కొలిచే బలహీనతా సూచీని ఇంటెన్సివ్ కేర్ నిర్ణయాలకు సూచించింది. మేధోవైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారు దానివల్ల వెనక్కి వెళ్లిపోతారన్న ఆందోళన రేగగా, ఐదు రోజుల్లోనే వారికి ఆ సూచీ వర్తించదని సవరించింది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2021 డిసెంబరులో, చికిత్స ఎవరికి ముందన్న ఎంపికలో వికలాంగులకు రక్షణ కల్పించని చట్టసభ రాజ్యాంగ విధిని ఉల్లంఘించిందని తీర్పునిచ్చింది. కొరత వివక్షకు అనుమతి పత్రం కాదని ఈ రెండు సందర్భాలూ స్థాపించాయి.

నిర్లక్ష్యం ఖరీదు కూడా బ్రిటన్ లెక్కల్లోనే కనిపిస్తుంది. 2020 జనవరి చివరి నుంచి నవంబరు దాకా ఇంగ్లండ్‌లో కోవిడ్‌తో చనిపోయినవారిలో దాదాపు 60 శాతం వికలాంగులని అక్కడి జాతీయ గణాంక కార్యాలయం తేల్చింది. పరిశీలించిన జనాభాలో వారి వాటా 17 శాతమే. వయసు ప్రభావం కొంత ఉన్నా, దాన్ని తీసేసి చూసినప్పుడూ తేడా పూర్తిగా పోలేదు. ప్రమాదం ఎక్కువున్నవారిని చివరికి నెట్టడం ఎక్కువమందిని కాపాడే పద్ధతి కాజాలదు. ఎక్కువ ప్రాణాలన్న కొలమానంతో చూసినా వారు ముందువరసలో ఉండాలి.

వీలైందని చూపిన ఉదాహరణలు

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సరికాదు. 2020 మార్చిలో రైల్వే చాలా వర్గాల టికెట్ రాయితీలు నిలిపివేసినా వికలాంగులవి కొన్ని కొనసాగించింది. ఒక ఉత్తర్వులో ఒక మినహాయింపు రాయడానికి ఎంత సమయం పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఏప్రిల్ 1న, లాక్‌డౌన్ ఎనిమిదో రోజున, వాలంటీర్లు వేలిముద్రకు బదులు ఫోటో తీసుకుని పింఛన్లు ఇంటికే అందజేశారు. అది ఆపద కోసం హడావిడిగా పెట్టిన ఏర్పాటు కాదు. గడప దగ్గర పింఛను ఇవ్వడం ఆ ఫిబ్రవరి నుంచే మొదలైంది. మామూలు రోజుల్లో అమలైన సదుపాయం ఆపదలో కొద్ది మార్పుతో నిలబడింది. మామూలు రోజుల్లో లేని, ఇంటి టీకా అవసరమైనవారి జాబితా, స్క్రీన్ రీడర్‌కు అనువైన పోర్టల్ ఆపదలోనూ లేకపోయాయి. ‘పరిస్థితి కుదుటపడ్డాక చూద్దాం’ అనే వాదం తలకిందులుగా ఉన్నది ఇక్కడే: కుదురుగా ఉన్న కాలంలో చేయని పని ఆపదలో కుదరదు, ఆపద తీరాక దాన్ని అడిగేవారూ ఉండరు.

చేయవలసింది చాలావరకు చట్టంలో రాసే ఉంది. ప్రతి జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వికలాంగుల రికార్డును ఏటా సరిచూసి, ఇంటి వద్ద సేవ అవసరమైనవారిని విడిగా గుర్తించాలి. ధ్రువపత్రం లేనివారిని ఆశా కార్యకర్త, గ్రామ సచివాలయం లేదా పంచాయతీ కార్యాలయం ధ్రువీకరణతో అందులో చేర్చాలి. లాక్‌డౌన్ వంటి ఆదేశంలోనే సహాయకుల రాకపోకలు, రక్తదాతలు, వార్డులో తోడు మనిషి మినహాయింపులుగా ఉండాలి. వేరే పత్రంలో సలహాగా ఉంటే చాలదు. ప్రజలకోసం తెచ్చే ఏ పోర్టల్ అయినా వికలాంగుల పరీక్షలో నెగ్గాకే విడుదల కావాలి. వ్యాధి, మరణం, టీకా లెక్కలు వైకల్యం వారీగా వెలువడాలి. ఈ ఐదింటిలో దేనికీ కొత్త వైద్య ఆవిష్కరణ అక్కర్లేదు, పెద్ద నిధులూ అక్కర్లేదు. కావలసినవి ముందస్తు తయారీ, పాటించనివారిని నిలదీసే ఏర్పాటు. ఈ రెండూ లేనంతకాలం ‘వీలుకాదు’ అన్న సమాధానాన్ని వాస్తవ స్థితి వర్ణనగా తీసుకోనక్కర్లేదు. చట్టబద్ధమైన విధి నెరవేరలేదన్న ఒప్పుకోలుగానే దాన్ని లెక్కించాలి.